పారానార్మల్ రొమాన్స్ నవలలన్నీ ఒకేలా ఉంటాయా? ఇరవయ్యేళ్లుగా చదువుతున్న పాఠకురాలిగా నా సమాధానం

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: పారానార్మల్ రొమాన్స్, అంటే మనుషులు కానివాళ్లతో నడిచే ప్రేమకథలు, అని పేరున్న నవలలు మూడు చదివారు. మూడింట్లోనూ వందల ఏళ్ల వయసున్న అందగాడు, తన అందం తనకే తెలియని అమ్మాయి, ‘నువ్వు నా కోసమే పుట్టావు’ అనే డైలాగు. నాలుగోది తెరవబుద్ధి కావడం లేదు. వీటిలో ఏముందని జనం ఏళ్ల తరబడి చదువుతున్నారు, చదవాలనుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ విసుగులో తప్పేం లేదు. నేను ఇరవయ్యేళ్లకు పైగా ఈ నవలలు చదువుతున్నాను. చదివినవాటిలో సగం ఇప్పుడు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఏ నవలలో హీరో కళ్లు వెండి రంగో, ఏ నవలలో బంగారు రంగో అడిగితే చెప్పలేను. మిగిలిన సగంలో మాత్రం కొన్ని ఉన్నాయి. నాలుగోసారి చదివినా అదే పేజీ దగ్గర గొంతు పట్టేస్తుంది. ఈ రెండు రకాలకీ తేడా ఎక్కడుందో తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. మొదట్లో హీరోలో ఉందనుకున్నాను, తర్వాత రాసే తీరులో ఉందనుకున్నాను. ఇప్పుడు కొత్త నవల పట్టుకోగానే మొదటి యాభై పేజీల్లో ఒక్కటే వెతుకుతాను: ఈ ప్రేమకు షరతు ఏమిటి?

షరతు అంటే ఏమిటో చెప్పాలంటే వాంపైర్ల (రక్తపిశాచాల) కన్నా పాత కథల దగ్గరికి వెళ్లాలి. ఊర్వశి పురూరవుడితో భూమ్మీద ఉండిపోవడానికి ఒప్పుకుంది, కానీ ఆయన నగ్నంగా తన కంట పడకూడదని మాట తీసుకుంది. ఆమె ప్రాణంలా పెంచుకునే పొట్టేళ్లను గంధర్వులు రాత్రివేళ ఎత్తుకుపోయారు. రాజు ఉన్నపళంగా లేచి పరిగెత్తాడు. సరిగ్గా అప్పుడే గంధర్వులు మెరుపు మెరిపించారు. అంతే, ఆమె వెళ్లిపోయింది. తర్వాత ఆ ఇద్దరూ ఎదురుపడి మాట్లాడుకున్న మాటలు ఋగ్వేదం పదో మండలంలో ఒక సూక్తంగా ఉన్నాయి. గంగ కూడా అంతే. ‘నేనేం చేసినా ఎందుకని అడగకూడదు’ అని చెప్పే శంతనుణ్ణి పెళ్లాడింది. ఏడుగురు బిడ్డలు నీటిపాలైనా ఓర్చుకున్నవాడు ఎనిమిదో బిడ్డ దగ్గర నోరు తెరిచాడు. రెండో శతాబ్దంలో అపులియస్ లాటిన్‌లో రాసిన సైకీ కథలో భర్త చీకట్లోనే వస్తాడు, అతని ముఖం చూడకూడదు. ఆమె దీపం పట్టుకుని చూసింది, నూనె చుక్క అతని భుజం మీద పడి కాలింది. ఒక చోట మెరుపు, ఇంకో చోట దీపం. వెలుతురు పడగానే మనిషి చేజారిపోయాడు.

ఈ మూడు కథల్లోనూ ప్రేమ నిజమే. అవతలివాళ్లు మనలాంటి మనుషులు కారు, వాళ్లతో బతకాలంటే ఒక నియమం పాటించాలి, అది పాటించడం మనిషికి చేతకాలేదు. మామూలు ప్రేమకథలో అడ్డంకిని కూర్చుని మాట్లాడుకుంటే తీర్చుకోవచ్చు (అందుకే సగం నవలల్లో రచయితలు వాళ్లను మాట్లాడుకోనివ్వరు). ఇక్కడి అడ్డంకి ఎంత మాట్లాడుకున్నా తీరదు. నేను ఈ రకం నవలలకు కట్టుబడి ఉన్నది అందుకే.

ఉదాహరణకు నళిని సింగ్ 2006లో మొదలుపెట్టిన సై-చేంజ్‌లింగ్ నవలలు తీసుకోండి. వాటిలో ‘సై’ అని మానసిక శక్తులున్న ఒక జాతి ఉంటుంది. ఆ శక్తులే తమను పిచ్చివాళ్లుగా, హంతకులుగా మారుస్తున్నాయని భయపడి, 1979లో వాళ్లు ఒక నిర్ణయానికి వస్తారు: పిల్లలకు ఊహ తెలిసినప్పటి నుంచే ప్రేమ, కోపం, భయం అన్నీ అణిచేసేలా శిక్షణ ఇవ్వాలి. పైగా వాళ్లందరి మనసులూ సైనెట్ అనే ఒక పెద్ద వలకు కలిసి ఉంటాయి. ఆ వల నుంచి తెగిపోతే మెదడుకు ఊతం లేక ప్రాణం పోతుంది. మొదటి నవలలో ఆ జాతి అమ్మాయి, చేంజ్‌లింగ్ అంటే చిరుతగా మారగలిగే మనిషి దగ్గరవుతారు. అతని జాతికి ముట్టుకోకుండా బతకడం తెలియదు. ఆమెకు ముట్టుకుంటే ఏమవుతుందో చెప్పుకోవడం కూడా నేరం. లోపల ఏదో కదిలిందని బయటపడితే ఆమె మనసే లేకుండా చేస్తారు, పారిపోతే చచ్చిపోతుంది. ఇలాంటి ఏర్పాటులో భుజం మీద చెయ్యి పడటం కూడా సంఘటనే. రచయిత్రి వర్ణనలు గుప్పించనక్కర్లేదు, మనకే టెన్షన్ పట్టుకుంటుంది.

షార్లీన్ హారిస్ 2001 నుంచి 2013 దాకా 13 నవలల్లో నడిపిన సూకీ కథలో షరతు తిరగబడి ఉంటుంది. సూకీ బార్‌లో వెయిట్రెస్. ఎదుటివాళ్ల మనసులో మాటలు ఆమెకు వినిపిస్తాయి, వద్దన్నా వినిపిస్తాయి. బయటికి తీసుకెళ్లిన అబ్బాయి పైకి ఒకటి అంటూ లోపల ఇంకొకటి అనుకుంటుంటే ప్రేమ ఎక్కడి నుంచి వస్తుంది? వాంపైర్ల మనసు మాత్రం ఆమెకు వినిపించదు. మొదటిసారి ఒక వాంపైర్ పక్కన నిలబడినప్పుడు ఆమెకు దొరికింది నిశ్శబ్దం. నాకు ఈ జానర్ మొత్తంలో ఇంతకంటే నమ్మదగిన ఆకర్షణ కనిపించలేదు. ఆమె ఎందుకు అటు వెళ్లిందో ఎవరూ వివరించనక్కర్లేదు. ఆ సిరీస్ ముగింపు మీద పాఠకులు గొడవ గొడవ చేశారు. నాకు మాత్రం అది మొదటి పుస్తకం నుంచీ కనబడుతున్న దారే అనిపించింది. ఈ విషయంలో మా అక్కకూ నాకూ ఇప్పటికీ పడదు.

ఇక మీకు విసుగు తెప్పించిన రకం సంగతి. దానికి నేను ఒక పరీక్ష పెడతాను: హీరో కోరలు పీకేసి చూడండి. కథలో ఏమీ మారకపోతే ఆ కోరలు అలంకారానికి పెట్టినవే. ఇది నా ఊహ కాదు, ఒకసారి నిజంగానే జరిగింది. 2005లో వాంపైర్‌ను ప్రేమించిన అమ్మాయి కథ ట్విలైట్ వచ్చాక, ఆ పాత్రలతోనే ఒక అభిమాని ఇంటర్నెట్‌లో కథ రాసింది. అందులో వాంపైర్ లేడు, అతని స్థానంలో కోట్లకు పడగలెత్తిన వ్యాపారి ఉన్నాడు. పేర్లు మార్చుకుని అదే 2011లో ఫిఫ్టీ షేడ్స్ ఆఫ్ గ్రే అయింది, ఎంతగా అమ్ముడుపోయిందో మీకు తెలుసు. చాలామంది పాఠకులకు ఆ వాంపైర్‌లో నచ్చింది డబ్బు, దర్జా, తన మీద ఒక్కదాని మీదే ఉన్న ఆ చూపు అన్నమాట. అలా కోరుకోవడం తప్పని అనను. కానీ దాని కోసం నాలుగొందల పేజీల రక్తపిశాచాన్ని భరించడం ఎందుకు?

ట్విలైట్ మొదటి పుస్తకానికి మాత్రం న్యాయం చేయాలి. ఆ అబ్బాయికి ఆమె రక్తం వాసన అందరి రక్తం కన్నా ఎక్కువగా దాహం పుట్టిస్తుంది. దగ్గరికి రావడమంటే చంపడానికి దగ్గరవడమే. చక్కటి షరతు. నా కోపమంతా 2008లో వచ్చిన నాలుగో పుస్తకం మీద. కొత్తగా వాంపైర్ అయినవాళ్లు దాహంతో ఒళ్లు తెలియకుండా ఉంటారని, సొంతవాళ్ల దగ్గరికి కూడా వెళ్లలేరని మూడు పుస్తకాల పాటు మనల్ని భయపెట్టారు. తీరా హీరోయిన్ వాంపైర్‌గా మారాక, ఆమెకు మాత్రం మొదటి రోజే నిగ్రహం వచ్చేసింది. తండ్రి కూడా దూరం కాలేదు. మూడు పుస్తకాలు అప్పు పెంచుకుంటూ పోయి చివర్లో ఎగ్గొట్టినట్టుంది. చివరి అధ్యాయంలో అమరత్వాన్ని ఉచితంగా చేతిలో పెట్టే నవల ఏది కనబడినా ఇప్పటికీ నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

మరి రొమాన్స్ అన్నాక సుఖాంతం ఉండాలి కదా అని అడగొచ్చు. ఉండాలి, ఉండకపోతే అది రొమాన్స్ కింద లెక్కకు రాదు. ప్రేమకథ నడిమధ్య ఉండటం, చదివినవాళ్లకు ఆశ మిగిల్చే ముగింపు ఉండటం ఈ జానర్‌తో పాఠకులకున్న ఒప్పందం. జంట కలుస్తుందని మొదటి పేజీలోనే తెలుసు. తెలియనిది వాళ్లు ఏం పోగొట్టుకుని కలుస్తారన్నదే. సుఖాంతం ఉంటూనే నష్టం కూడా మిగలాలి. జాతిని వదులుకున్నవాళ్లు ఆ జాతి భాషలో కలలు కంటూనే ఉండాలి.

ఇంకో మాట. వాంపైర్ అంటే ఎండ పడకూడదు, అద్దంలో కనబడకూడదు అని ఎప్పటి నుంచో ఉన్న రూల్స్ అనుకుంటాం. 1897 నాటి డ్రాక్యులా నవలలో డ్రాక్యులా పగలు కూడా తిరుగుతాడు, శక్తులు మాత్రం తగ్గుతాయి. అద్దంలో ప్రతిబింబం లేకపోవడం ఆ నవల నుంచే పాకింది. సూర్యకాంతి తగిలి వాంపైర్ నశించడం 1922 నాటి నోస్ఫెరాటు అనే మూకీ సినిమాలో మొదలైంది. అంతకు ముందు 1819లో జాన్ పాలిడోరి కథ వచ్చేదాకా జానపదాల్లో రక్తపిశాచం అంటే ఉబ్బిపోయిన పల్లెటూరి శవమే. దానికి సూటూబూటూ తొడిగి, విందులకు పిలిపించి, అమ్మాయిలు మనసు పడేలా చేసింది ఆయనే. కాబట్టి ట్విలైట్ హీరోను చూసి ‘ఇది అసలైన వాంపైర్ కాదు, ఎండలో మెరిసిపోతాడేంటి’ అని ఎవరైనా వాదిస్తే నాకు నవ్వొస్తుంది. ప్రతి రచయితా కొత్త రూల్ పెట్టుకోవచ్చు. పెట్టాక దాన్ని తానే తప్పకూడదు, అంతే.

మీరు విసుక్కున్న ‘నువ్వు నా కోసమే పుట్టావు’ డైలాగు దగ్గరికి వస్తాను. ఈ నవలల్లో దాన్ని మేట్ బంధం అంటారు. వాసన చూడగానే, కళ్లు కలవగానే, ముట్టుకోగానే తెలిసిపోతుంది, ఇక జన్మకు ఒక్కరే. తెలుగు చదువరులకు ఇది మింగుడు పడటం తేలికే, ‘ఏ జన్మ ఋణానుబంధమో’ అనే మాట మనకు నోట్లోనే ఉంటుంది. కానీ ఆ మాటలో బంధం కన్నా ముందు ఋణం ఉంది చూశారా, తీర్చాల్సిన బాకీ ఏదో ఉందన్నమాట. చవకబారు మేట్ నవలలో బంధం ఉంటుంది, బాకీ ఉండదు. రచయితకు అదొక అడ్డదారి. ఇద్దరూ ఒకరినొకరు ఎందుకు ఇష్టపడ్డారో చూపించే మూడొందల పేజీల పని ఒక్క వాసనతో అయిపోతుంది.

క్రిస్టీన్ ఫీహన్ 1999లో మొదలుపెట్టిన కార్పేథియన్ నవలలు ఈ మేట్ ధోరణిని బాగా ముందుకు తెచ్చాయి. ఆ జాతి మగవాళ్లకు వయసు పెరిగేకొద్దీ రంగులు కనబడటం మానేస్తాయి, మనసులో ఏ భావమూ మిగలదు. తోడు దొరికిన క్షణం లోకానికి రంగులు తిరిగొస్తాయి. ఎంత అందమైన ఆలోచన! మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు కిటికీ వైపు చూస్తూ ఉండిపోయాను. కానీ అతను కొన్ని మాటలు ఉచ్చరిస్తే చాలు, ఆమెకు ఇష్టమున్నా లేకపోయినా బంధం పడిపోతుంది. రంగులు అతనివి, ఖర్చు ఆమెది. ఇరవయ్యేళ్ల కింద నాకు అది కనబడలేదు, ఇప్పుడు అదే ముందు కనబడుతోంది. అలాగే చూపుతో వశం చేసుకునే శక్తి ఉన్న హీరో దాన్ని హీరోయిన్ మీద వాడితే, రచయిత దాన్ని ముచ్చటగా చూపిస్తే, నేను అక్కడే పుస్తకం పక్కన పెట్టేస్తాను. అలా వాడటం తప్పని చూపించి, దానికి అతను సంజాయిషీ చెప్పుకునేలా చేస్తే చదువుతాను.

మనుషులు తోడేళ్లుగా మారే నవలల్లో దీనికి తోడు ‘ఆల్ఫా’, అంటే గుంపు నాయకుడు, ఒకడు ఉంటాడు. గుర్రుమంటాడు, గోడకు నొక్కుతాడు, ‘తోడేళ్ల స్వభావమే అంత’ అని సమర్థించుకుంటాడు. ఆ స్వభావం గురించి కాస్త చెప్పాలి. రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన 1947లో బంధించి ఉంచిన తోడేళ్లను చూసి, అవి పెత్తనం కోసం ఎలా పోటీ పడతాయో రాశారు. డేవిడ్ మెక్ 1970లో తోడేళ్ల మీద రాసిన పుస్తకంతో ఆల్ఫా అనే మాట జనంలోకి పోయింది. అదే మెక్ తర్వాత కెనడా ఉత్తరాన ఉన్న ఎల్స్‌మియర్ దీవిలో ఎన్నో వేసవులు స్వేచ్ఛగా తిరిగే తోడేళ్లను దగ్గర నుంచి చూసి, 1999లో తన మాట తానే సరిదిద్దుకున్నారు. అడవిలో తోడేళ్ల గుంపు అంటే మామూలుగా ఒక అమ్మ, ఒక నాన్న, వాళ్ల పిల్లలు. కొట్లాడి గెలిచిన నాయకుడు ఉండడు, పిల్లలకు తిండి తెచ్చిపెట్టే తండ్రి ఉంటాడు. తన పాత పుస్తకం అచ్చు వేయడం ఆపమని ఆయన ప్రచురణకర్తను ఏళ్ల తరబడి అడిగారు కూడా. నవలా రచయితలు సైన్సు పాఠం చెప్పాలని నా ఉద్దేశం కాదు. ముక్కూమొహం తెలియని తోడేళ్లను ఒకే కంచెలో పడేస్తే పుట్టిన గుణాన్ని తీసుకొచ్చి ‘ప్రకృతి’ అంటే మాత్రం నేను నమ్మను. నిజం తెలిశాక నాకు ఇంకో కోరిక పుట్టింది: గుంపంతా తన పిల్లలే అయినట్టు అలిసిపోయి, అందరికీ తిండి సరిపోయిందా అని లెక్కపెట్టుకునే ఆల్ఫా. అలాంటివాడు అక్కడక్కడా దొరుకుతున్నాడు, దొరికినప్పుడు వదలను.

హీరోల వయసు గురించి పెద్దగా చెప్పను. అయిదొందల ఏళ్లు బతికినవాడికి ఒక్క పాత పాట గుర్తుండదు, ఒక్క చచ్చిపోయిన స్నేహితుడి పేరు రాదు, ఇరవయ్యయిదేళ్ల కుర్రాడిలా అలుగుతాడు. వయసు మీద అంత బద్ధకంగా రాసే రచయిత మిగతా రూల్స్ కూడా నిలబెట్టడు. దీనికి విరుగుడుగా జె.ఆర్. వార్డ్ 2005లో మొదలుపెట్టిన వాంపైర్ల సిరీస్‌లో మూడో పుస్తకం చూడండి. అందరూ జడిసే యోధుడు, ఒకప్పుడు బానిసగా బతికినవాడు, చదవడం రాయడం రాదు. బతికిన ఏళ్లు అతనికి ఇచ్చింది జ్ఞానం కాదు, గాయాలు. పేర్లలో ఆమె విచ్చలవిడిగా ఇరికించే ‘హెచ్’ అక్షరాలను క్షమించగలిగితే మంచి నవల.

అట్ట మీద బొమ్మ చూసి ఏదీ నిర్ణయించుకోకండి. తలకాయ లేని కండల మొండెం ఉన్న అట్టల వెనక అద్భుతమైన నవలలు చదివాను, చంద్రుడూ గులాబీలూ ఉన్న అందమైన అట్టల వెనక ఏమీ లేనివీ చదివాను.

పేర్ల గందరగోళం కూడా మీ విసుగుకు కొంత కారణం అయ్యుండొచ్చు. పారానార్మల్ రొమాన్స్‌లో సాధారణంగా మన లోకమే ఉంటుంది, ప్రేమకథే వెన్నెముక, ఒక పుస్తకంలో ఒక జంట కథ పూర్తవుతుంది. అర్బన్ ఫాంటసీలో కూడా ఆ లోకమే ఉంటుంది, కానీ హీరోయిన్ పనీ, ఆమె ఛేదించే చిక్కుముడీ ముందుంటాయి, ప్రేమ పుస్తకాల మీద పుస్తకాలు నెమ్మదిగా సాగుతుంది. ఈ మధ్య అందరూ అంటున్న రొమాంటసీ పూర్తిగా వేరే లోకాల్లో నడుస్తుంది, రాజ్యాలు, యుద్ధాలు, డ్రాగన్లు. సారా జె. మాస్ 2015లో మొదలుపెట్టిన సిరీస్, రెబెకా యారోస్ 2023 నాటి ఫోర్త్ వింగ్ ఆ కోవలోవి. మాస్ సిరీస్‌లోనూ మేట్‌లు ఉంటారు, కాబట్టి ఆ డైలాగు నుంచి తప్పించుకోవడానికి అటు వెళ్తే ఫలితం ఉండకపోవచ్చు.

మీ ప్రశ్నను బట్టి చూస్తే, మీరు అర్బన్ ఫాంటసీ వైపు నుంచి రావడం మంచిది. ప్యాట్రిషియా బ్రిగ్స్ 2006లో మొదలుపెట్టిన నవలల్లో హీరోయిన్ కార్ల మెకానిక్, కయోటీగా (తోడేలును పోలిన చిన్న అడవి జంతువుగా) మారగలదు, చుట్టూ ఉన్న తోడేళ్లందరికన్నా చిన్న జంతువు. బలం లేనిది బలవంతుల మధ్య ఎలా నెగ్గుకొస్తుందన్నదే అక్కడ పంతం. ఆ తర్వాత ఇలోనా ఆండ్రూస్. ఇది ఒక మనిషి పేరు కాదు, భార్యాభర్తలిద్దరూ కలిసి పెట్టుకున్న కలం పేరు. వాళ్ల 2007 నాటి మొదటి నవలలో ఒక కిరాయి యోధురాలు, సింహంగా మారే ఒక నాయకుడు ఎదురుపడతారు. ఎవరూ ఎవరి కోసమూ పుట్టినట్టు ఉండదు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఒళ్లు మంట. ఆమె రక్తంలో ఒక రహస్యం ఉంది, దగ్గరైనవాళ్లకు అది ప్రమాదం, అందుకే ఎవరినీ దగ్గరికి రానివ్వదు. ఇక్కడ షరతు ఆమెది. నాలుగో పుస్తకం దాకా వాళ్లు సరిగ్గా జంట కారు. ఆ రెండూ నచ్చాక నళిని సింగ్ దగ్గరికి రండి. అప్పటికి ఈ జానర్ మీద మీకు నమ్మకం కుదిరి ఉంటుంది, ఆమె వాడే మేట్ బంధం కూడా మీకు అంత చిరాకు తెప్పించదు.

పుస్తకాలను వరుసలోనే చదవండి, దీని మీద మాత్రం బేరాల్లేవు. ఆ సింహం నాయకుడి సిరీస్‌ని నేను నాలుగో పుస్తకంతో మొదలుపెట్టాను. ప్రయాణంలో అక్క బ్యాగులో అదొక్కటే దొరికింది. వాళ్లిద్దరూ ఒకటయ్యారని తెలిశాక వెనక్కి వెళ్లి మొదటి మూడూ చదివాను. ప్రతి తగువూ బాగానే ఉంది, నవ్వొచ్చింది కూడా. కానీ అక్క ఏళ్ల తరబడి ఒక్కో పుస్తకం కోసం ఎదురుచూస్తూ అనుభవించిన ఆ తహతహ నాకు దక్కలేదు. మాట వచ్చినప్పుడల్లా ఆమె దాన్ని నాకు గుర్తుచేస్తూనే ఉంటుంది.